ఇత్తడి పుస్తకం: పాత ట్రంపెట్లకు ధర కట్టిన ఐదు నెలల డైరీ

జనవరి 7

మా వాడు ఆరో తరగతి బ్యాండులో ట్రంపెట్ తీసుకున్నాడు. క్లారినెట్ తీసుకోరా, చెవులకు హాయిగా ఉంటుంది అని వాళ్ళమ్మ చెప్పింది, వినలేదు. స్కూలు వాళ్ళు చూపించిన షాపులో నెలకు 28 డాలర్ల అద్దె. మూడేళ్ళు వాయిస్తే వెయ్యి దాటుతుంది. ఈ లెక్క ఆఫీసులో చెప్తుంటే, కాలేజీ రోజుల్లో జాజ్ వాయించిన ఒక పెద్దాయన విని, కొత్త చౌకరకం జోలికి వెళ్ళకు, 1960ల నాటి అమెరికన్ స్టూడెంట్ ట్రంపెట్ ఒకటి వేలంలో పట్టుకో, నీ మనవడు కూడా వాయిస్తాడు అన్నాడు.

రాత్రి ఈబే తెరిచాను. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకటి 90 డాలర్లకు పోయింది, ఒకటి 400కు పోయింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పావుగంట చూశాను. రెండూ ఇత్తడే, రెండూ వంకర గొట్టాలే. తేడా ఏమిటో నాకు అంతుపట్టలేదు. అది కనపడేదాకా కొనకూడదు అనుకున్నాను. ప్రాజెక్టు అదే.

పద్ధతి ఇది. ఒక రూళ్ళ నోటుబుక్కు. వేలం ముగిసేలోపు ఫొటోలూ, వివరణా మాత్రమే చూసి, ఎంతకు పోతుందో నా అంచనా పెన్నుతో రాయాలి. దిద్దకూడదు. ముగిశాక అసలు ధర, రవాణా ఖర్చుతో కలిపి, పక్కన రాయాలి. తేడా ఎందుకు వచ్చిందో ఒక వాక్యం రాయాలి. నలభై అంచనాలు పూర్తయ్యాకే ఒకటి కొనాలి. మరమ్మతుతో కలిపి 300 డాలర్లు దాటకూడదు.

అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు పుస్తకంలోకి ఎక్కవు. అవి పెళ్ళిచూపుల్లో చెప్పే జీతాల్లాంటివి. అమ్ముడైనవి మాత్రమే చూపించే మీట ఒకటి ఉంటుంది, అది నొక్కిన తర్వాత కనిపించేదే లెక్క.

జనవరి 15

పది అయ్యాయి. ఎనిమిదింటికి ఎక్కువ రాశాను, రెండింటికి తక్కువ. సగటున సగానికి సగం తేడా. మా ఆవిడ పుస్తకం తిరగేసి, "మీరు వేలం పాడితే ఇల్లు కూడా పాటలో పోయేదండీ" అంది.

ఎక్కువ రాసిన వాటిలో ఐదు "బాక్" అన్న పేరు చూసి బోల్తా పడ్డవి. విన్సెంట్ బాక్ ఆస్ట్రియా నుంచి వచ్చిన ట్రంపెట్ వాద్యకారుడు. 1918లో న్యూయార్కులో మౌత్‌పీసులు (నోటికి ఆనించి ఊదే ముక్కలు) చేయడం మొదలుపెట్టి, 1920లలో ట్రంపెట్లలోకి దిగాడు. 1953లో ఫ్యాక్టరీని మౌంట్ వెర్నన్‌కు మార్చాడు. 1961లో సెల్మర్ కంపెనీకి అమ్మేశాడు, తర్వాత కొన్నేళ్ళకు తయారీ ఇండియానాలోని ఎల్కార్ట్‌కు వెళ్ళింది. ఆయన పెద్ద మోడల్ పేరు స్ట్రాడివేరియస్, ముద్దుగా స్ట్రాడ్. "అది వయొలిన్ కదా నాన్నా" అన్నాడు మా వాడు. అవును, పేరు అరువే. కానీ బాక్ అని రాసి ఉన్నవన్నీ అది కాదు. టీఆర్ 300 అనేది స్కూలు పిల్లల రకం. దాని మీదా బాక్ పేరే ఉంటుంది. అమ్మేవాడు స్ట్రాడ్ ధరలు చూసి దీనికి ఆశపడతాడు, నాలాంటివాడు నమ్ముతాడు.

అసలు స్ట్రాడ్‌లోనూ బెల్ మీద, అంటే గరాటులా విచ్చుకున్న ముందు భాగం మీద, చెక్కిన ఊరి పేరే ధర తేలుస్తుంది. నా పుస్తకంలో ఎల్కార్ట్ అని ఉన్న 1970ల నాటిది 1,100 దగ్గర ఆగింది. మౌంట్ వెర్నన్ అని ఉన్నది, అదే 37 నంబరు బెల్, 2,600 దాకా పోయింది. రెండూ ఫొటోలో కవల పిల్లలు.

ఆ రాత్రి ఊళ్ళ పేర్లు ఒక పేజీలో రాసుకున్నాను. ఓల్డ్స్ మీద లాస్ ఏంజెలెస్ అని ఉంటే 1950ల మధ్యకు ముందుది, ఫుల్లర్టన్ అని ఉంటే తర్వాతది. ఆ కంపెనీ 1979లో మూతపడింది. బెంజ్, అంటే కారు కాదు, షికాగో సింఫనీలో వాయించిన ఎల్డెన్ బెంజ్ చేసిన ట్రంపెట్, 1953 దాకా షికాగోది, ఆ తర్వాత బర్‌బ్యాంక్‌ది. కింగ్ మీద క్లీవ్‌లాండ్ అని ఉంటే పాతది, ఈస్ట్‌లేక్ అని ఉంటే 1960ల మధ్య నుంచి ఇటుది. మన దగ్గర ఇంటిపేరు వినగానే ఏ ఊరివాళ్ళో చెప్పేస్తారు చూడండి, ఇక్కడ ఊరి పేరు చూసి వయసు చెప్పాలి.

ఎల్కార్ట్, ఎల్క్‌హార్న్ వేరు వేరని తెలియడానికి నాకు వారం పట్టింది. మొదటిది ఇండియానా. కాన్, మార్టిన్, బ్యూషర్ అక్కడివి. రెండోది విస్కాన్సిన్. హోల్టన్, గెట్జన్ అక్కడివి. అమ్మేవాళ్ళే సగంమంది రాజాం, రాజోలు ఒకటే అన్నట్టు రాస్తున్నారు. మేముండే, షికాగో దగ్గరి అరోరా నుంచి రెండూ కారులో పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేంత దూరమే.

జనవరి 24

మారుపేర్లు. పాన్ అమెరికన్ అంటే కాన్ వాళ్ళ రెండో రకం. కావలియర్ కూడా వాళ్ళదే. బండీ అంటే సెల్మర్ వాళ్ళ స్టూడెంట్ రకం. క్లీవ్‌లాండ్ అనే పేరుతో కింగ్ వాళ్ళు చౌకవి చేశారు. పెద్ద కంపెనీ తన ఫ్యాక్టరీలోనే చేసి చిన్న పేరు కొట్టినవి ఇవి. "కాన్ తయారీ" అని అమ్మేవాడు రాసేది అబద్ధం కాదు, ధర మాత్రం కాన్ ధర కాదు. ఈ వారం ఐదు అంచనాల్లో నాలుగు దగ్గరగా వచ్చాయి, ఇవన్నీ 60, 100 మధ్య పోయే సరుకు కాబట్టి. అందులో గొప్పేమీ లేదు.

ఫిబ్రవరి 2

ఈ రోజు నుంచి చూసే తీరు మారింది. ఎలాగో కొంచెం వివరంగా రాసుకుంటున్నాను.

కాన్ 22బి, న్యూయార్క్ సింఫనీ అనే మోడల్, వెండి పూతది. పది ఫొటోలు. బెల్ మీద చెక్కుడు ఎంత బాగుందో, పెట్టె లోపల ముదురు రంగు మఖమల్ ఎంత చెక్కుచెదరలేదో అన్నీ ఉన్నాయి. 450 రాశాను. 170కి పోయింది. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఫోన్‌లో ఆ పది ఫొటోలూ తిప్పి చూస్తూనే ఉన్నాను. ఎనిమిదోసారికి అర్థమైంది. పది ఫొటోల్లో ఒక్కదానిలోనూ స్లైడు, అంటే లాగితే జరిగే గొట్టం ముక్క, బయటికి లాగి లేదు. వేలితో నొక్కే వాల్వు ఒక్కటీ బయటికి తీసి చూపించలేదు. అన్నీ మూసి ఉన్నాయి. వివరణలో "వాల్వులు ఆడుతున్నాయి" అని ఉంది, స్లైడుల గురించి ఒక్క ముక్క లేదు.

ట్రంపెట్‌కు నాలుగు స్లైడులు. శ్రుతికి పెద్దది ఒకటి, మూడు వాల్వులకు మూడు. వాడకుండా ఏళ్ళ తరబడి పెట్టెలో పెట్టేస్తే లోపల గ్రీజు ఎండిపోయి అతుక్కుపోతాయి. తెలిసినవాడు వేడి, నూనె, ఓపికతో తీస్తాడు. తెలియనివాడు గుడ్డ చుట్టి లాగి అతుకు ఊడదీస్తాడు. అమ్మేవాడు ఫొటో కోసం లాగి చూసి ఉంటాడు, రాలేదు, ఊరుకున్నాడు. వేలం పాడేవాళ్ళు ఆ ఫొటో లేకపోవడం చూసి అక్కడే ఆగారు. నేను ఉన్న ఫొటోలు చూస్తున్నాను, వాళ్ళు లేని ఫొటోలు లెక్కపెడుతున్నారు.

అప్పటి నుంచి పుస్తకంలో కొత్త గడి గీశాను: "చూపించనివి". వాల్వులు బయట ఉన్న ఫొటో. స్లైడులు లాగిన ఫొటో. మౌత్‌పీస్ తీసిన లీడ్ పైపు మొదలు. బెల్ వంపు కింది వైపు. వాల్వు గొట్టం మీద సీరియల్ నంబరు. ఒక్కొక్కటి లేనప్పుడల్లా నా అంచనాలో కొంత కోసేస్తున్నాను. వాల్వు ఫొటో లేకపోతే ఎక్కువ కోత. పిస్టన్ల, అంటే వాల్వుల్లో పైకీ కిందికీ ఆడే కడ్డీల, మీది పూత అరిగిపోయి గాలి కారుతుంటే, మళ్ళీ పూత వేయించి కొలతకు సరిపెట్టించడానికి కొన్ని వందల డాలర్లు అవుతుంది. ఒక స్టూడెంట్ ట్రంపెట్ మొత్తం ధర కన్నా ఆ ఖర్చే ఎక్కువ.

ఫిబ్రవరి 11

లీడ్ పైపు అంటే మౌత్‌పీస్ దూర్చే చోటు నుంచి మొదలయ్యే సన్నటి గొట్టం. ఊపిరి తడి మొదట తగిలేది దానికే. వేలం పేజీల్లో "చిన్న మచ్చలు ఉన్నాయి, సహజమే" అని రాస్తారు. నేనూ సహజమే అనుకున్నాను.

మరమ్మతు షాపు ఆయన దగ్గరకు వెళ్ళి ఫోన్‌లో ఫొటో చూపించాను. మా ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ఒక గ్యారేజీలో నడుపుతాడు, మాట తక్కువ. ఫొటో పెద్దది చేసి ఒక మచ్చ మీద గోరు పెట్టాడు. గులాబీ రంగు చుక్క, దాని మధ్యలో నల్లటి చిన్న చుక్క. పుండులా ఉంది. ఇది పైనుంచి వచ్చింది కాదు, లోపలి నుంచి తినుకుంటూ వచ్చి ఇప్పుడు బయటపడింది అన్నాడు. దీన్ని వీళ్ళు ఎర్ర కుళ్ళు అంటారు. ఈ ఇత్తడిలో రాగి 70 పాళ్ళు, జింకు 30 పాళ్ళు దాకా ఉంటుంది. తడి, ఉమ్మి, ఆమ్లం కలిసి జింకును లాగేస్తాయి, రాగి బోలుగా మిగులుతుంది. మెరుగు పెట్టినా పోదు.

నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే చిన్నప్పుడు చూశాను. చింతపండు పూసి కడగడం మర్చిపోయిన ఇత్తడి చెంబు మీద మర్నాటికి ఎర్రటి మరకలు వస్తాయి. అమ్మ ముగ్గుపిండి వేసి ఎంత తోమినా ఆ చోటు మిగతా చెంబులా పచ్చగా మెరిసేది కాదు. అదే సంగతి ఇక్కడ యాభై ఏళ్ళు నిదానంగా జరిగింది, లోపలి వైపు నుంచి.

చేతులు పట్టుకునే చోట పైపూత పోయి గోధుమ రంగుకు తిరగడం వేరు. అది అరుగుదల, దాని వల్ల ధర పెద్దగా తగ్గదు. గులాబీలో నల్ల చుక్క ఉంటే మాత్రం గొట్టం మార్చాలి. ఖరీదైన ట్రంపెట్‌కు గొట్టం మారిస్తే వాయించేవాడికి పరవాలేదు, సేకరించేవాడు మాత్రం ముఖం తిప్పుకుంటాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడకు చెప్తే, "అయితే మీ ట్రంపెట్ కొన్నాక పీతాంబరి పెట్టి తోమచ్చా?" అంది. వద్దు. అస్సలు వద్దు.

ఫిబ్రవరి 20

ఎందుకు వద్దో ఈ వారం తెలిసింది. కొత్తదానిలా ధగధగలాడుతున్న 1950ల కింగ్ సూపర్ 20. బెల్ స్టెర్లింగ్ వెండి. నేను 1,500 రాశాను. అంత మెరుపు ఉంటే ఎవరు వదులుకుంటారు అనుకున్నాను. 800కు కాస్త అటుగా ఆగిపోయింది.

ఆ ఫొటోలు మళ్ళీ పెద్దవి చేసి చూశాను. బెల్ మీద చెక్కిన అక్షరాల అంచులు గుండ్రంగా ఉన్నాయి, సబ్బు బిళ్ళ మీద పేరు నాలుగు రోజులు వాడాక ఎలా అవుతుందో అలా. గొట్టం మీద పిడి అతికిన చోట టంకం పక్కకు కారి, దాని మీదుగా పైపూత వేసి ఉంది. అంటే ఎప్పుడో ఎవరో మొత్తం విప్పి, చక్రం మీద మెరుగు పెట్టి, కొత్త పైపూత వేశారు. మెరుగు పెట్టినప్పుడల్లా లోహం పలచబడుతుంది, అక్షరం చెరుగుతుంది. బెల్ వంపులో ఒక రూపాయి బిళ్ళంత చోట వెలుగు వేరుగా పడుతోంది. అది మాటు. మా ఊళ్ళో బిందెకు చిల్లు పడితే మాటు వేసేవాళ్ళు, ఆ మాటు ఎవరికీ దాచేది కాదు, గర్వంగా కనపడేది. ఇక్కడ దాచడానికే కొత్త పూత.

వెండి పూతవాటికి దీనికి తలకిందులు. నల్లగా మాడిపోయినట్టు కనిపిస్తే జనం భయపడి పాడరు. కానీ అది మన పట్టీలు, కుంకుమ భరిణెలు నల్లబడటం లాంటిదే, గుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. ఈ నెలలో నేను తక్కువ రాసి, నిజంగానే తక్కువకు పోయిన రెండూ నల్లబడ్డ వెండివే. ఎవరో తెలివైనవాళ్ళకు దొరికాయి.

మార్చి 3

"ఊదితే గాలి పోవడం లేదు, లోపల ఏదో అడ్డం పడింది, విడిభాగాలకు మాత్రమే." గెట్జన్ ట్రంపెట్. 70 రాశాను, 62కు పోయింది. సరిగ్గా అంచనా వేశానని సంబరపడి షాపు ఆయనకు చూపించాను. ఆయన నవ్వాడు, మొదటిసారి చూశాను ఆ నవ్వు. ఫొటోలో మధ్య వాల్వు బయట ఉంది. దాని మీద చిన్నగా 3 అని ముద్ర. పిస్టన్లకు 1, 2, 3 అని కొట్టి ఉంటాయి, ఎవరి గూటికి వాళ్ళే వెళ్ళాలి. నూనె వేద్దామని తీసి, మార్చి పెడితే రంధ్రాలు ఎదురెదురుగా రావు, గాలి పోదు. ఆ ట్రంపెట్‌కు అడ్డం పడింది ఏమీ లేదు, ఎవరో రెండు వాల్వులు తారుమారు చేశారు అంతే. కొన్నవాడు రెండు నిమిషాల్లో సరిచేసుకుని ఉంటాడు.

పుస్తకంలో "సరైన అంచనా" అని రాసి, పక్కన "సిగ్గు" అని కూడా రాశాను.

మార్చి 12

"విక్టోరియా కాలం నాటి బ్రిటిష్ సైనిక ట్రంపెట్, అరుదైనది." అరచేతిలో పట్టేంత చిన్న పాకెట్ ట్రంపెట్, రాగి, ఇత్తడి, తెల్ల లోహం మూడు రంగులు, ముందు లండన్ కంపెనీ పేరుతో రేకు అంటించి ఉంది. 250 దగ్గర నడుస్తోంది. ఎక్కడో చూసినట్టు అనిపించి తణుకులో ఉన్న మా తమ్ముడికి ఫొటో పంపాను. మర్నాడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, మన బ్యాండు మేళం బాబాయ్‌కి చూపించాను. చూడగానే మీరట్ సరుకు అన్నాడు. గోడకు తగిలించుకోడానికి చేస్తార్ట, ఊదడానికి కాదు."

"ఎలా చెప్పాడు?"

"అతుకులు చూసి. మేళం వాళ్ళవీ అక్కడివేట. వాయించేవి వేరే చేస్తారు, అలంకారానికి వేరే చేస్తార్ట."

మీరట్‌లో జలీ కోఠీ అని ఒక బజారు ఉంది. దేశంలో చాలా పెళ్ళి బ్యాండ్లకు బాకాలు, డప్పులు అక్కడి నుంచే వెళ్తాయి. బ్రిటిష్ కాలపు సైనిక బ్యాండ్ల అవసరాలతో మొదలైన పని అది, ఇప్పటికీ చేతిపనే. అక్కడి కారిగర్ల తప్పేం లేదు, వాళ్ళు రేకు అంటించమంటే అంటిస్తారు. సముద్రం దాటాక ఎవరో దానికి విక్టోరియా రాణిని చుట్టాన్ని చేశారు. నేను 20 రాశాను. 310కి పోయింది. తేడా ఎక్కువే, కానీ ఈ తప్పు నాది కాదని అనుకుంటున్నాను.

మార్చి 15

కార్నెట్లు. చూడ్డానికి ట్రంపెట్ లాగే ఉండి కాస్త పొట్టిగా, ఎక్కువ చుట్లతో ఉంటాయి. అమ్మేవాళ్ళు ట్రంపెట్ అనే రాస్తారు. స్టూడెంట్ కార్నెట్‌కు గిరాకీ చాలా తక్కువ, పాతవాటిలో అన్నిటికన్నా చౌక ఇవే. 1920కి ముందువైతే ఇంకో మెలిక: అప్పట్లో హై పిచ్ అని, ఈనాటి ప్రమాణమైన 440 హెర్ట్జ్ కన్నా బాగా పైన ఉండే శ్రుతి ఒకటి వాడుకలో ఉండేది. ఆ శ్రుతికి చేసినది ఈనాటి బ్యాండులో కలవదు. అందం ఉంటుంది, అద్దాల బీరువాలో పెట్టుకోవాలి. ఐదు రాశాను, నాలుగు కుదిరాయి.

మార్చి 28

మార్టిన్ కంపెనీ వాళ్ళ కమిటీ అనే ట్రంపెట్. దీని కోసం రాత్రి పదకొండు దాకా మేలుకున్నాను, కొనడానికి కాదు, చూడటానికి.

ఈ మోడల్ 1930ల చివర్లో వచ్చింది, రూపకల్పనలో ట్రంపెట్ తయారీ నిపుణుడు రెనల్డ్ షిల్కీ చెయ్యి ఉంది. జాజ్ దిగ్గజాలు మైల్స్ డేవిస్, చెట్ బేకర్, డిజ్జీ గిలెస్పీ అందరూ వాయించినది ఇదే. కాబట్టి దీని ధరలో లోహం ఎంత, వాళ్ళ ఊపిరి ఎంత అని విడదీయడం కష్టం. గిలెస్పీ వాయించిన, బెల్ పైకి వంగిన మార్టిన్ ట్రంపెట్ 1995లో న్యూయార్కు క్రిస్టీస్ వేలంశాలలో 63,000 డాలర్లకు పోయింది. మైల్స్ డేవిస్ వాయించిన నీలి రంగు, చంద్రుడు, నక్షత్రాల మార్టిన్ 2019లో అక్కడే 275,000కు పోయింది. దాని మొదటి అంచనా లక్ష లోపే. అంటే క్రిస్టీస్ వాళ్ళ పుస్తకంలోనూ నా పుస్తకంలో లాంటి తప్పులే ఉంటాయన్నమాట. ఈ వార్త మా ఆవిడకు చదివి వినిపించాను.

ఈ రాత్రిది ఎవరూ పేరున్నవాళ్ళు వాయించింది కాదు. ఎవరో తాతగారి అటకమీద దొరికింది. ఫొటోలు మసక. కానీ చూపించాల్సినవన్నీ చూపించాడు: వాల్వులు బయట, స్లైడులు నాలుగూ లాగి, బెల్ మీద అక్షరాలు పదునుగా, పైపూత సగం పోయి చేతిమరక రంగు. లీడ్ పైపు మీద మాత్రం మూడు గులాబీ చుక్కలు. కమిటీలకు ఆ రోగం మామూలే అంటారు. 1,700 రాశాను.

ముగియడానికి పది నిమిషాల ముందు 640 దగ్గర ఉంది. ఒక నిమిషం ముందు కూడా 640. చివరి ఎనిమిది సెకన్లలో కదిలింది. అలవాటున్నవాళ్ళెవరూ ముందు చెయ్యి చూపించరు. తమ గరిష్ఠ ధర చివరి క్షణంలో కొడతారు, అవతలివాడికి ఆలోచించుకునే సమయం ఇవ్వరు. 640, 1,210, 1,835. అయిపోయింది. రవాణాతో 1,880. నా గుండె ఎందుకు కొట్టుకుందో తెలియదు, నేను ఒక్క డాలరు పెట్టలేదు.

ఆ 640 చూసి వారం రోజులుగా "దీనికి ఇంతే" అనుకుంటున్నవాళ్ళు ఉండి ఉంటారు. నడుస్తున్న ధర చూసి అంచనా రాయకూడదని పుస్తకం మొదటి పేజీలో ఇంకో గీత చేర్చాను.

ఏప్రిల్ 9

నలభై మూడు. చివరి పదింటిలో సగటు తేడా ఐదో వంతుకు తగ్గింది. విక్టోరియా రాణిని కలిపితే ఇంకా ఎక్కువే, ఆవిణ్ణి కలపలేదు.

కొన్నాను. ఓల్డ్స్ అంబాసడర్, ఫుల్లర్టన్‌ది. లక్షల్లో తయారైన స్కూలు ట్రంపెట్, వాల్వులు గట్టివని అందరూ ఒప్పుకునేది, అందుకే దీనికి ఎప్పుడూ తక్కువ ధరే. అరుదు కాదు కాబట్టి సేకరించేవాళ్ళు పట్టించుకోరు, పాతది కాబట్టి పిల్లల తల్లిదండ్రులు భయపడతారు. ఆ రెండు గుంపుల మధ్య ఖాళీలో నేను దూరాను. వాల్వుల ఫొటో ఉంది, ముద్రలు 1, 2, 3 కనపడుతున్నాయి. మూడు స్లైడులు లాగి ఉన్నాయి. నాలుగోది, శ్రుతి స్లైడు, లాగి లేదు. అడిగితే "కొంచెం బిగుతు" అన్నాడు. అంటే రాదని అర్థం. పుస్తకంలో రవాణాతో 185 రాసుకున్నాను. చివరి పది సెకన్లలో గరిష్ఠంగా 171 కొట్టాను, 158కి వచ్చింది. రవాణా 34. అమ్మకం పన్ను 16. పన్ను సంగతి మూడు నెలలుగా పుస్తకంలో ఒక్కసారీ రాయలేదు, బిల్లులో చూసేదాకా గుర్తురాలేదు.

ఏప్రిల్ 17

పార్సిల్ వచ్చింది. పెట్టె తెరిచాం. పాత పుస్తకాల వాసన, నాఫ్తలీన్ ఉండల వాసన, తుప్పు వాసన మూడూ కలిసి. మా వాడు చెయ్యి పెట్టబోతే ఆపాను.

బెల్ వంపులో కొత్త సొట్ట. చింతగింజంత. ఫొటోల్లో లేదు, నాలుగోసారి చూసినా లేదు. పెట్టె మూలలో మౌత్‌పీస్ విడిగా దొర్లుతోంది, దాని అంచుకు ఇత్తడి రంగు గీత. దారిలో పెట్టె కుదిపినప్పుడల్లా అది వెళ్ళి గుద్దింది. మౌత్‌పీస్‌ను గుడ్డలో చుట్టి పెట్టె బయట విడిగా పెట్టాలని ఏ తెలిసినవాడైనా చెప్తాడు. అమ్మినాయనకు తెలియదు. నాకు తెలుసు, కానీ కొన్నాక ఆయనకు చెప్పాలని తోచలేదు. ఆ ఒక్క మెసేజి రాసి ఉంటే సరిపోయేది. ఫొటో తీసి పంపితే 25 డాలర్లు వెనక్కి ఇచ్చాడు, గొడవ పడకుండా.

తర్వాత మా వాడికి పరీక్ష చూపించాను. వాల్వు నొక్కకుండా దాని స్లైడును రెండు వేళ్ళంత బయటికి లాగాలి. గొట్టంలో గాలి పలచబడుతుంది. అలా పట్టుకుని అప్పుడు వాల్వు నొక్కాలి. "టప్" అని శబ్దం వస్తే పిస్టన్ గాలిని పట్టి ఉంచుతోందని. సుయ్యిమంటే కారుతోందని. మొదటి వాల్వు: టప్. రెండోది: టప్, కాస్త మెత్తగా. మూడోది: టప్. మా వాడు ఇరవైసార్లు చేశాడు, అద్దె ట్రంపెట్ తెచ్చి దాని మీదా చేశాడు. కొత్తదే, కానీ అది అంత గట్టిగా మోగలేదు.

శ్రుతి స్లైడు రాలేదు. నేను లాగలేదు.

ఏప్రిల్ 26

షాపు ఆయన స్లైడు మొదలు దగ్గర కొంచెం వేడి చేసి, నూనె పోసి, తోలు బెల్టు వంపులో వేసి ఒక్క గుంజు గుంజాడు. వచ్చింది. లోపల ఎండిన గ్రీజు ఉలవచారు రంగులో ఉంది. సొట్ట కోసం ఉక్కు గుండు లోపలికి పంపి, బయటి నుంచి నిదానంగా రుద్దాడు. పూర్తిగా పోలేదు, వెలుగులో వంచి చూస్తే నీడలా కనపడుతుంది. పూర్తిగా తీయమంటారా, అప్పుడు పూత పోతుంది అన్నాడు. వద్దన్నాను. లోపల శుభ్రం చేసి, నీరు వదిలే మీటకు కొత్త బెండు వేసి 95 తీసుకున్నాడు.

లెక్క: 158, 34, 16, 95, అందులోంచి 25 తీసేస్తే 278. గీతకు ఇవతలే.

లీడ్ పైపు లోపల లైటు వేసి నన్నూ చూడమన్నాడు. పచ్చగా, శుభ్రంగా ఉంది. ఒక్క గులాబీ చుక్క లేదు.

మే 18

అద్దె ట్రంపెట్ వెనక్కి ఇచ్చేశాం. బ్యాండు మాస్టారు అంబాసడర్ చూసి, తను కూడా దీని మీదే నేర్చుకున్నానని చెప్పారట, మా వాడు రెండు రోజులు అదే మాట. ఇంట్లో సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర దాకా మా ఆవిడ నడకకు వెళ్తోంది.

పుస్తకం ఆపుదామనుకున్నాను, ఆపలేదు. ఈ రాత్రి ఒక హోల్టన్ కాలేజియేట్ ఉంది, 9:40కి ముగుస్తుంది. పదకొండు ఫొటోలు. వాల్వులు బయట లేవు. ఒక్క వాల్వు తీసి ఫొటో పెట్టండి అని మధ్యాహ్నం అడిగాను. జవాబు రాలేదు. "చూపించనివి" గడిలో ఒక టిక్కు పెట్టి, పక్కన 75 రాసి, పెన్ను మూత పెట్టాను.